పాస్‌వర్డ్‌లు ఇంటిల్లిపాదికీ పంచాలంటే: కీపాస్‌ఎక్స్‌సీ ఫైలా, బిట్‌వార్డెన్ సర్వరా?

ఇంట్లో నలుగురూ వాడే పాస్‌వర్డ్‌లు ఎక్కడ ఉంటాయో అందరికీ తెలిసిందే. వాట్సాప్ ఫ్యామిలీ గ్రూపులో పిన్ చేసిన మెసేజీ, అమ్మ డైరీ చివరి పేజీ, నాన్న ఫోన్లో కాంటాక్ట్ పేరుతో సేవ్ చేసుకున్న కరెంటు బిల్లు లాగిన్. ఇందులోంచి బయటపడాలనుకుంటే దారులు రెండు. పాస్‌వర్డ్‌లన్నీ ఎన్‌క్రిప్ట్ చేసిన (తాళంచెవి లేనిదే చదవలేనట్టు మార్చిన) ఒకే ఫైల్లో పెట్టి, ఆ ఫైలును మన ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల మధ్యే తిప్పుకోవడం ఒకటి. ఇందులో కీపాస్ తరహా యాప్‌లదే రాజ్యం. ఒక కంపెనీ సర్వర్లో వాటిని ఎన్‌క్రిప్ట్ చేసి పెట్టి, ఎవరి ఖాతాతో వాళ్లు తెరుచుకోవడం రెండోది. ఇందులో ఉచితంగా కూడా పనికొచ్చేది బిట్‌వార్డెన్.

ఈ రెంటి మీద వాదనలన్నీ హ్యాకర్ చుట్టూనే తిరుగుతుంటాయి. ఇంటి సంగతికొస్తే హ్యాకర్ కంటే ముందు వచ్చేది వేరే ప్రమాదం: పాస్‌వర్డ్ మారిందని ఒకరికి తెలియకపోవడం, నిన్న రాసింది ఇవాళ కనిపించకపోవడం, మిగతావన్నీ తెరిచే మాస్టర్ పాస్‌వర్డ్ మరిచిపోయి మొత్తం మూసుకుపోవడం. అందుకే ఎంచుకునే ముందు వేసుకోవలసిన ప్రశ్న ఒక్కటే. అందులో రాసే చేతులు ఎన్ని? ఒక్కరు రాసి మిగతావాళ్లు చూసుకునే ఇల్లయితే ఫైలు హాయిగా సరిపోతుంది, పైసా ఖర్చుండదు. ఇద్దరు ముగ్గురు రాసే ఇల్లయితే సర్వర్ తీసుకోండి. ఫైలుతో కుదరదని కాదు. కుదురుతుంది, కానీ నెలనెలా ఎవరో ఒకరు కూర్చుని దాన్ని చక్కదిద్దుతూ ఉండాలి.

ఫైలు దారి

కీపాస్ 2003లో విండోస్ కోసం మొదలైంది. దాని ఫైలు ఫార్మాట్ కేడీబీఎక్స్ అందరికీ బహిరంగమే కాబట్టి, అదే ఫైలును తెరిచే యాప్‌లు వేర్వేరు మనుషులు తయారు చేశారు. ఇవాళ కొత్తగా మొదలుపెట్టేవాళ్లు కంప్యూటర్లో కీపాస్‌ఎక్స్‌సీ వేసుకోవడం మేలు. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ ఒకేలా ఉంటుంది. ఆండ్రాయిడ్‌లో కీపాస్‌డీఎక్స్ గానీ కీపాస్2ఆండ్రాయిడ్ గానీ, ఐఫోన్‌లో కీపాసియం గానీ స్ట్రాంగ్‌బాక్స్ గానీ పెట్టుకోవచ్చు. అసలు కీపాస్‌లో 2023లో ఒక లోపం బయటపడింది. మాస్టర్ పాస్‌వర్డ్ అక్షరాలు దాదాపు అన్నీ కంప్యూటర్ మెమరీలోంచి ఏరుకోవడానికి వీలయ్యేది. 2.54 వెర్షన్‌లో దాన్ని సరిచేశారు. కీపాస్‌ఎక్స్‌సీకి ఆ లోపం లేదు. ఎవరి కంప్యూటర్లోనైనా పాత కీపాస్ ఇంకా ఉంటే ముందు దాన్ని అప్‌డేట్ చేయండి.

కొత్త డేటాబేస్ చేసేటప్పుడు ఫార్మాట్ కేడీబీఎక్స్ 4, కీ డెరివేషన్ (మాస్టర్ పాస్‌వర్డ్ నుంచి తాళంచెవి తయారుచేసే లెక్క) ఆర్గాన్2 ఉండేలా చూసుకోండి. ఆర్గాన్2కి మెమరీ 64 ఎంబీ దగ్గరే వదిలేయండి. ల్యాప్‌టాప్‌లో 16 జీబీ ర్యామ్ ఉంది కదా అని దాన్ని 1 జీబీకి పెంచేవాళ్లున్నారు. ఆ ఫైలు అమ్మ చవక ఫోన్లో తెరుచుకోవడానికి ముక్కుతూ మూలుగుతూ టైం తీసుకుంటుంది, ఒక్కోసారి తెరుచుకోనే తెరుచుకోదు. ఐఫోన్‌లో ఇంకో తిరకాసు. ఆటోఫిల్ (పాస్‌వర్డ్‌ను యాప్ తానే నింపడం) పనికి ఐఓఎస్ ఇచ్చే మెమరీ చాలా తక్కువ. అందువల్ల యాప్‌లో ఫైలు మామూలుగానే తెరుచుకుంటుంది, వెబ్‌సైట్లో ఆటోఫిల్ నొక్కినప్పుడు మాత్రం ఏమీ చెప్పకుండా మూసుకుపోతుంది. కారణం తెలియక యాప్‌ను తిట్టుకుంటారు.

మాస్టర్ పాస్‌వర్డ్‌కు తోడుగా కీ ఫైలు (తెరవడానికి పాస్‌వర్డ్‌తో పాటు కావలసిన చిన్న ఫైలు) పెట్టుకుంటే ఎవరికైనా కేడీబీఎక్స్ దొరికినా పనికిరాదు. అయితే ఆ కీ ఫైలు సింక్ అయ్యే (పరికరాల మధ్య తనంతట తాను కాపీ అయ్యే) ఫోల్డర్లో ఉండకూడదు. ప్రతి పరికరంలోకి కేబుల్‌తోనో పెన్‌డ్రైవ్‌తోనో చేత్తో కాపీ చేయాలి. లేకపోతే తాళం వేసి తాళంచెవి గడపకే తగిలించినట్టు. కీ ఫైలును కీపాస్‌ఎక్స్‌సీతోనే తయారు చేయించండి. ఏ పెళ్లి ఫోటోనో కీ ఫైలుగా పెట్టి దాన్ని తమ్ముడికి వాట్సాప్‌లో పంపితే, వాట్సాప్ ఫోటోను కుదిస్తుంది. కంటికి అదే ఫోటో, కానీ బైట్లు మారిపోయాయి కాబట్టి తమ్ముడి దగ్గర ఫైలు తెరుచుకోదు. మీ ఫోన్లో అసలు ఫోటో పోయిన రోజున మీకూ తెరుచుకోదు.

ఇక పంచుకోవడం. తేలిక పద్ధతి ఒకే కేడీబీఎక్స్, ఒకే మాస్టర్ పాస్‌వర్డ్, అందరికీ తెలిసి ఉండటం. భార్యాభర్తలకు ఇది చాలు. కానీ మీ ఆఫీసు లాగిన్‌లు కూడా అదే ఫైల్లో ఉంటే ఇంట్లో అందరికీ కనిపిస్తాయి కాబట్టి, సొంతానికి ఒక ఫైలు, ఇంటికి ఒక ఫైలు విడిగా ఉంచుకోవాలి. కీపాస్‌ఎక్స్‌సీ రెంటినీ పక్కపక్క ట్యాబుల్లో తెరుస్తుంది, బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ రెంటిలోనూ వెతికేలా సెట్టింగ్ పెట్టుకోవచ్చు. ఇది కాక కీషేర్ అనే ఏర్పాటు ఉంది. మీ సొంత ఫైల్లోని ఒక గ్రూపును మాత్రమే విడి ఫైలుగా బయట పెట్టి, దానికి వేరే పాస్‌వర్డ్ ఇచ్చి ఇతరులతో కలిపి ఉంచుతుంది. సెట్టింగ్స్‌లో కీషేర్ కింద ఇంపోర్ట్, ఎక్స్‌పోర్ట్ రెండూ టిక్ చేసి, ఆ గ్రూపు ఎడిట్‌లో సింక్రనైజ్ ఎంచుకుని, ఫైలు చోటు, పాస్‌వర్డ్ ఇవ్వాలి. ఆలోచన చక్కనిదే, కానీ ఇది కంప్యూటర్ల మధ్య పని. ఇంట్లో సగం మంది ఫోన్ తప్ప వేరేది ముట్టని చోట దీని మీద ఆధారపడకండి.

ఫైలును తిప్పడానికి సింక్‌థింగ్ మంచి పనిముట్టు. మధ్యలో ఏ కంపెనీ నిల్వా ఉండదు, పరికరాలు నేరుగా మాట్లాడుకుంటాయి. ఆండ్రాయిడ్‌కు దాని అధికారిక యాప్ 2024 డిసెంబరులో ఆగిపోయింది. ఇప్పుడు వాడవలసింది సింక్‌థింగ్-ఫోర్క్. రెడ్‌మీ, రియల్‌మీ, ఒప్పో, వివో ఫోన్లలో బ్యాటరీ సెట్టింగ్ మార్చకపోతే ఇది రాత్రికి రాత్రి చచ్చిపోతుంది. యాప్ ఇన్ఫోలో బ్యాటరీని అన్‌రిస్ట్రిక్టెడ్ చేసి, ఆటోస్టార్ట్ కూడా ఆన్ చేయాలి. రెండోది మరిచిపోతే ఫోన్ రీస్టార్ట్ అయినప్పుడల్లా సింక్ ఆగిపోతుంది, ఎవరికీ తెలియదు.

ఒక్కరే రాసే ఇల్లు అన్నాం కదా, దాన్ని మాటగా వదిలేయకుండా సింక్‌థింగ్‌లోనే కట్టేయవచ్చు. రాసేవారి కంప్యూటర్లో ఆ ఫోల్డర్ రకం సెండ్ ఓన్లీ, మిగతా ఫోన్లన్నింటిలో రిసీవ్ ఓన్లీ పెట్టండి. అవతల ఎవరైనా పొరపాటున మార్చినా ఆ మార్పు ఇటు రాదు. వాళ్ల పరికరంలో రివర్ట్ లోకల్ చేంజెస్ అన్న బటన్ కనిపిస్తుంది, నొక్కితే మామూలైపోతుంది. కీపాస్‌డీఎక్స్‌లో కూడా ఫైలును చదవడానికి మాత్రమే తెరిచే వీలుంది. దీనికి తోడు రాసేవారివి కాని పరికరాల్లో ఒకదానిలో ఫైల్ వర్షనింగ్‌ను స్టాగర్డ్‌గా పెడితే పాత కాపీలు కొన్ని నిలిచి ఉంటాయి. వేరే పరికరం నుంచి వచ్చే మార్పులకే సింక్‌థింగ్ పాత కాపీ దాస్తుంది, తన దగ్గర చేసిన మార్పుకు దాయదు. అందుకే రాసేవారి కంప్యూటర్లోనే వర్షనింగ్ పెట్టుకుని నిశ్చింతగా ఉంటే లాభం లేదు.

ఇద్దరు రాసినప్పుడు ఏమవుతుందో చూద్దాం. ఉదయం అమ్మ ఫోన్లో గ్యాస్ బుకింగ్ లాగిన్ కొత్తగా చేర్చింది. ఫోన్ బ్యాటరీ సేవర్‌లో ఉంది, సింక్ కాలేదు. మధ్యాహ్నం కొడుకు ల్యాప్‌టాప్‌లో వైఫై పాస్‌వర్డ్ మార్చాడు. సాయంత్రం రెండూ కలిసినప్పుడు సింక్‌థింగ్‌కు రెండు వేర్వేరు ఫైళ్లు కనిపిస్తాయి. లోపల ఏముందో దానికి తెలియదు. ఒకదాన్ని అసలు పేరుతో ఉంచి, రెండోదానికి సింక్-కాన్‌ఫ్లిక్ట్ అని, తేదీ, సమయం తగిలించి పక్కన పెడుతుంది. అందరి యాప్‌లూ అసలు పేరున్నదాన్నే తెరుస్తాయి. అమ్మ రాసింది మాయమైనట్టు కనిపిస్తుంది, నిజానికి పక్క ఫైల్లో భద్రంగా ఉంది.

దాన్ని కలపడం ఇలా. సింక్‌థింగ్‌ను కాసేపు ఆపండి. కీపాస్‌ఎక్స్‌సీలో అసలు ఫైలు తెరిచి, డేటాబేస్ మెనూలో మెర్జ్ ఫ్రమ్ డేటాబేస్ నొక్కి, కాన్‌ఫ్లిక్ట్ ఫైలును చూపించి దాని పాస్‌వర్డ్ ఇవ్వండి. ప్రతి ఎంట్రీకి ఉన్న గుర్తింపు సంఖ్యను బట్టి, చివరగా మార్చిన సమయాన్ని బట్టి కలుపుతుంది. ఒకే ఎంట్రీని ఇద్దరూ మార్చి ఉంటే తర్వాత మార్చినదే నిలుస్తుంది, మొదటిది ఆ ఎంట్రీ హిస్టరీలోకి పోతుంది. ఎంట్రీ మొత్తం ఒక ముద్దగా మారుతుంది తప్ప ఒకరి పాస్‌వర్డ్, ఇంకొకరి నోట్సు ఏరి కలపదు. కాబట్టి హిస్టరీ ట్యాబ్ ఒకసారి చూడండి. పరికరాల గడియారాలు సరిగా ఉండాలి. ఒక ల్యాప్‌టాప్ టైం వెనకబడి ఉంటే కొత్త పాస్‌వర్డే పాతదై ఓడిపోతుంది. కలపడం అయ్యాక సేవ్ చేసి, కాన్‌ఫ్లిక్ట్ ఫైలు తీసేసి, సింక్‌థింగ్‌ను మళ్లీ నడపండి.

సింక్‌థింగ్ వద్దు, గూగుల్ డ్రైవ్‌లో పెట్టేస్తాం అంటే అదీ నడుస్తుంది. ఫైలు ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది కాబట్టి గూగుల్‌కు లోపలిది కనిపించదు. కానీ డ్రైవ్‌లో ఇద్దరు రాసినప్పుడు పక్కన ఇంకో ఫైలు వస్తుందన్న భరోసా లేదు, వెనక వచ్చిన కాపీ ముందుదాని మీద కూర్చోవచ్చు. అప్పుడు బ్రౌజర్లో డ్రైవ్ తెరిచి, ఫైలు మీద మేనేజ్ వర్షన్స్‌లో పాతది దించుకుని పైన చెప్పినట్టే కలపాలి. పాత వర్షన్లు 30 రోజులో, 100 వర్షన్లో దాటితే పోవచ్చు, కాబట్టి ఆలస్యం చేయకండి. కీపాస్‌ఎక్స్‌సీ సేవ్ చేసేటప్పుడు ముందు తాత్కాలిక ఫైలు రాసి, తర్వాత దాని పేరు మారుస్తుంది. కొన్ని క్లౌడ్ ఫోల్డర్లు దీన్ని పాత ఫైలు తీసేసి కొత్తది పెట్టినట్టు అర్థం చేసుకుంటాయి, షేరింగ్ తెగిపోతుంది. జనరల్ సెట్టింగ్స్‌లో ఫైల్ మేనేజ్‌మెంట్ కింద ఉండే ప్రత్యామ్నాయ సేవింగ్ పద్ధతి ఇందుకోసమే. ఇంకొకటి, చాలామంది కనిపెట్టనిది: ఉచిత 15 జీబీ జీమెయిల్, ఫోటోలు, వాట్సాప్ బ్యాకప్ అన్నిటికీ కలిపే. నాన్న డ్రైవ్ నిండిపోయిన రోజున కొన్ని కేబీల పాస్‌వర్డ్ ఫైలు కూడా పైకి వెళ్లడం మానేస్తుంది.

పిల్లలు అమెరికాలో, తల్లిదండ్రులు గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఉండే ఇళ్లకు సింక్‌థింగ్‌తో మరో పేచీ ఉంది. ఫైలు మారాలంటే రెండు పరికరాలూ ఒకేసారి ఆన్‌లో ఉండాలి. ఇక్కడ పగలైతే అక్కడ ల్యాప్‌టాప్ మూసి ఉంటుంది. ఎప్పుడూ ఆన్‌లో ఉండే మూడో పరికరం, అంటే ఒక రాస్‌ప్‌బెర్రీ పై (అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్) లేదా ఛార్జింగ్‌లోనే ఉండే పాత ఫోన్, మధ్యలో పెడితే తప్ప మార్పులు రోజుల తరబడి దాటవు. అది పెట్టాక ఇది కూడా ఒక సర్వరే కదా అనిపిస్తే, నిజమే.

సర్వర్ దారి

బిట్‌వార్డెన్ 2016లో వచ్చింది. కోడ్ అంతా బహిరంగం. ఒక్కరికైతే ఎన్ని పాస్‌వర్డ్‌లైనా, ఎన్ని పరికరాల్లోనైనా ఉచితం. పంచుకోవడానికి ఆర్గనైజేషన్ అనేది తెరవాలి. ఉచిత ఆర్గనైజేషన్‌లో ఇద్దరు సభ్యులు, రెండు కలెక్షన్లు (పంచుకునే పాస్‌వర్డ్‌ల అరలు). దంపతులకు ఇది అక్షరాలా సరిపోతుంది. ఫ్యామిలీస్ ప్లాన్‌లో ఆరుగురు, కలెక్షన్లకు పరిమితి లేదు, ఆరుగురికీ ప్రీమియం వసతులు వస్తాయి.

మొదలుపెట్టే ముందు ఒక్క విషయం చూసుకోండి. బిట్‌వార్డెన్‌కు అమెరికా సర్వర్, యూరప్ సర్వర్ వేరువేరు. ఖాతా ఒకదానిలో తెరిచి, ఫోన్ యాప్‌లో రెండోది ఎంచుకుంటే పాస్‌వర్డ్ తప్పు అంటుంది. లాగిన్ తెరలోనే సర్వర్ పేరు కనిపిస్తుంది. అన్న యూరప్‌లోనూ నాన్న అమెరికా సర్వర్లోనూ ఖాతా తెరిస్తే ఒకే ఆర్గనైజేషన్‌లో కలవలేరు కూడా.

చేర్చడం మూడు మెట్లు. ఓనర్ మెయిల్ ఆహ్వానం పంపాలి. అవతలివారు అందులోని లింకు నొక్కి ఒప్పుకోవాలి, ఐదు రోజుల్లో నొక్కకపోతే మళ్లీ పంపాలి. ఆ తర్వాత ఓనర్ వెబ్‌లో అడ్మిన్ కన్సోల్ తెరిచి సభ్యుడిని కన్ఫర్మ్ చేయాలి. ఎక్కువమంది ఇరుక్కునేది ఈ మూడో మెట్టు దగ్గరే. అమ్మ ఒప్పుకుంది, యాప్ తెరిచింది, ఏమీ కనిపించడం లేదు అని ఫోన్ వస్తుంది. ఈ మెట్టు ఎందుకంటే, ఆర్గనైజేషన్ తాళంచెవిని అమ్మ పబ్లిక్ కీతో (అమ్మ మాత్రమే విప్పగలిగేలా తాళం వేసే కీతో) ఎన్‌క్రిప్ట్ చేసి అందించే పని ఓనర్ పరికరమే చేయాలి. కంపెనీ దగ్గర ఆ తాళంచెవి లేదు, కాబట్టి తనంతట తాను ఇవ్వలేదు. విసుగే, కానీ ఈ విసుగులోనే భద్రత ఉంది.

ఒక పాస్‌వర్డ్‌ను కలెక్షన్‌లోకి పంపితే అది ఇక మీ సొంతం కాదు, ఆర్గనైజేషన్‌ది. వెనక్కి లాగే బటన్ లేదు. సొంత వాల్ట్‌లో (మీ ఖాతాలోని పాస్‌వర్డ్‌ల పెట్టెలో) కావాలంటే కాపీ చేసుకుని అక్కడిది తీసేయాలి. సభ్యులకు చూడటం, మార్చడం, నిర్వహించడం వంటి అనుమతులు కలెక్షన్ వారీగా ఇవ్వవచ్చు. పాస్‌వర్డ్ కనపడకుండా వాడుకోనివ్వడం అనే అనుమతి కూడా ఉంది. పదోతరగతి పిల్లాడికి ఓటీటీ లాగిన్ ఇలా ఇచ్చి నిశ్చింతగా ఉండకండి. ఆటోఫిల్ చేశాక బ్రౌజర్లో ఆ గడిని తెరిచి చూడటం వాడికి రెండు నిమిషాల పని. పొరపాటున చెరిపేసింది ట్రాష్‌లో 30 రోజులు ఉంటుంది.

ఇద్దరు రాయడం ఇక్కడ సమస్యే కాదు. ప్రతి ఎంట్రీ విడిగా సర్వర్‌కు వెళ్తుంది, మొత్తం ఫైలు తిరగదు. అమ్మ గ్యాస్ లాగిన్, కొడుకు వైఫై రెండూ నిలుస్తాయి. దీనికి బదులుగా వదులుకునేది, నెట్ లేనప్పుడు రాయడం. చదవచ్చు, ఎందుకంటే ఎన్‌క్రిప్ట్ అయిన కాపీ ఫోన్లో ఉంటుంది, కానీ కొత్తది చేర్చలేరు, మార్చలేరు. వాల్ట్ టైమవుట్ చర్యను లాక్ అని ఉంచండి. లాగౌట్ అని పెడితే ఆ కాపీ కూడా పోతుంది, సిగ్నల్ లేని ఊళ్లో యాప్ ఖాళీగా నిలబడుతుంది.

ఆండ్రాయిడ్‌లో కీపాస్ యాప్‌లకూ బిట్‌వార్డెన్‌కూ వర్తించే మాట: ఫోన్ సెట్టింగ్స్‌లో ఆటోఫిల్ సర్వీస్ మార్చినా క్రోమ్ మాత్రం గూగుల్‌దే చూపిస్తూ ఉంటుంది. క్రోమ్ సెట్టింగ్స్‌లో ఆటోఫిల్ సర్వీసెస్‌లోకి వెళ్లి, వేరే సర్వీస్ వాడమని విడిగా చెప్పాలి.

పెద్దవాళ్లు మాస్టర్ పాస్‌వర్డ్ మరిచిపోతారు. బిట్‌వార్డెన్ రీసెట్ చేయలేదు, ఫ్యామిలీస్ ప్లాన్‌లో ఓనర్ కూడా ఇంకొకరి మాస్టర్ పాస్‌వర్డ్‌ను మార్చలేరు. ఉన్న దారి ఎమర్జెన్సీ యాక్సెస్. నాన్న ఖాతాలో మిమ్మల్ని ముందుగానే నమ్మకస్తులుగా పెట్టి, ఎదురుచూపు గడువు 1 నుంచి 90 రోజుల మధ్య ఎంచుకోవాలి. అవసరమొచ్చినప్పుడు మీరు అడుగుతారు, ఆ గడువులోగా నాన్న కాదనకపోతే తెరుచుకుంటుంది. చూడటానికి మాత్రమే ఇవ్వవచ్చు, లేదా ఖాతా పూర్తిగా చేతికి వచ్చేలా ఇవ్వవచ్చు. మరిచిపోయే ప్రమాదానికి రెండోదే పనికొస్తుంది. ఏడు రోజులు సబబైన గడువు. ఇక్కడా ఆహ్వానించడం, ఒప్పుకోవడం, కన్ఫర్మ్ చేయడం అనే మూడు మెట్లూ ఉన్నాయి. మూడోది పూర్తి చేయకపోతే కావలసిన రోజున ఏమీ పనిచేయదు. వన్‌పాస్‌వర్డ్ అనే ఇంకో సేవలో ఈ ఒక్క విషయం మెరుగు. అందులో కుటుంబ నిర్వాహకులు మరిచిపోయిన సభ్యుడి ఖాతాను నేరుగా తిరిగి తెరిపించగలరు. అయితే దానికి ఉచిత ప్లాన్ లేదు, ఎనిమిదో వెర్షన్ నుంచి కంపెనీ సర్వర్ లేకుండా వాడే వీలూ లేదు.

ఇంకో చిక్కుముడి. టూ స్టెప్ లాగిన్ (పాస్‌వర్డ్‌తో పాటు ఇంకో కోడ్ అడిగే ఏర్పాటు) పెట్టుకోని ఖాతాతో కొత్త ఫోన్లో లాగిన్ అయితే, 2025 నుంచి బిట్‌వార్డెన్ మెయిల్‌కు కోడ్ పంపుతోంది. ఆ మెయిల్ పాస్‌వర్డ్ బిట్‌వార్డెన్‌లో మాత్రమే ఉంటే? ఫోన్ పోయిన రోజున మెయిల్ కోసం వాల్ట్, వాల్ట్ కోసం మెయిల్. కాబట్టి మాస్టర్ పాస్‌వర్డ్, మెయిల్ పాస్‌వర్డ్, టూ స్టెప్ రికవరీ కోడ్, ఈ మూడూ కాగితం మీద రాసి ఇంటి పత్రాలతో బీరువాలో పెట్టాలి. కీపాస్ వాడేవాళ్లు మెయిల్, రికవరీ కోడ్ బదులు కీ ఫైలున్న పెన్‌డ్రైవ్ అదే బీరువాలో పెట్టుకోవాలి.

మన కార్డులతో డబ్బు కట్టేటప్పుడు ఒక ఇబ్బంది ఉంది. ధర డాలర్లలో, ఏడాదికోసారి. కార్డులో అంతర్జాతీయ ఆన్‌లైన్ లావాదేవీలు ఆన్ చేసి ఉండాలి. 2021 అక్టోబరు నుంచి ఆర్‌బీఐ ఈ-మ్యాండేట్ (కార్డు నుంచి తనంతట తానుగా డబ్బు కోసుకునే అనుమతి) నిబంధనల వల్ల విదేశీ సైట్లకు ఆటోమేటిక్ రెన్యువల్ తరచూ ఫెయిలవుతుంది. రెన్యువల్ ఆగి ఆర్గనైజేషన్ సస్పెండ్ అయితే, షేర్ చేసినవి సభ్యులకు తెరుచుకోవు. ఎవరి సొంత వాల్ట్ వాళ్లకు ఉచిత ఖాతాగా మిగులుతుంది. రెన్యువల్ తేదీకి పది రోజుల ముందు క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకుని చేత్తో కట్టండి. విదేశాల్లో పిల్లలుంటే వాళ్ల కార్డు మీద పెట్టడం సులువు.

ఇక సర్వర్ హ్యాక్ అయితే? అయింది, లాస్ట్‌పాస్ అనే ఇలాంటి సేవలో. 2022లో వినియోగదారుల వాల్ట్ బ్యాకప్‌లే ఎత్తుకుపోయారు. అక్కడ రెండు లోపాలు కొట్టొచ్చినట్టు కనిపించాయి. వెబ్‌సైట్ చిరునామాలు ఎన్‌క్రిప్ట్ కాలేదు, పాత ఖాతాల్లో మాస్టర్ పాస్‌వర్డ్‌కు వేసే గణనల (ఊహించి ప్రయత్నించేవాడిని ఆలస్యం చేసే లెక్కల) సంఖ్య మరీ తక్కువగా వదిలేశారు. బిట్‌వార్డెన్ చిరునామాలను కూడా ఎన్‌క్రిప్ట్ చేస్తుంది, కొత్త ఖాతాకు 6,00,000 గణనలు పెడుతుంది. పాత ఖాతా ఉంటే వెబ్‌లో సెక్యూరిటీ, కీస్ కింద చూసి తక్కువుంటే పెంచుకోండి. ఎన్ని గణనలున్నా మాస్టర్ పాస్‌వర్డ్ ఇష్టదైవం పేరూ పుట్టిన సంవత్సరమూ అయితే ఎవరూ కాపాడలేరు. సంబంధం లేని నాలుగైదు మాటలు యాప్ చేతే ఏరించండి. తెలుగు మాటలను ఇంగ్లిషు అక్షరాల్లో పెట్టుకునేవాళ్లు జాగ్రత్త: చెట్టును ఒకరు ఒక టీతో, ఇంకొకరు రెండు టీలతో రాస్తారు. అందరికీ ఒకే స్పెల్లింగ్ వచ్చే మాటలే తీసుకోండి.

సొంత సర్వర్ సరదా

వాల్ట్‌వార్డెన్ అనేది బిట్‌వార్డెన్ యాప్‌లతో మాట్లాడే తేలికపాటి సర్వర్. రాస్‌ప్‌బెర్రీ పై మీద హాయిగా నడుస్తుంది, ప్రీమియం వసతులు చాలావరకు ఉచితంగా వస్తాయి. ఊరించే సంగతే. కానీ హెచ్‌టీటీపీఎస్ (ఎన్‌క్రిప్ట్ అయిన వెబ్ కనెక్షన్) లేకుండా వెబ్ వాల్ట్ పనిచేయదు. మన ఇళ్ల బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లు చాలావరకు సీజీనాట్ (ఎన్నో ఇళ్లకు కలిపి ఒకే బయటి ఇంటర్నెట్ చిరునామా) వెనక ఉంటాయి, పోర్ట్ ఫార్వర్డింగ్ పెట్టినా బయటి నుంచి చేరుకోలేరు. టెయిల్‌స్కేల్ లాంటి ప్రైవేటు నెట్‌వర్క్ యాప్ అందరి ఫోన్లలో పెట్టాలి. అది ఆగినప్పుడల్లా మీకే ఫోన్. ఇంట్లోవాళ్ల ఖాతాలు తెరిచాక కొత్త రిజిస్ట్రేషన్లు మూసేయాలి. బ్యాకప్‌కు నడుస్తున్న డేటాబేస్ ఫైలును ఊరికే కాపీ చేయకూడదు. ఎస్‌క్యూలైట్ (ఆ డేటాబేస్ రకం) బ్యాకప్ కమాండ్‌తో తీసి, దాంతోపాటు అటాచ్‌మెంట్ల ఫోల్డర్, ఆర్‌ఎస్‌ఏ కీ ఫైళ్లు కూడా తీసుకోవాలి. యూపీఎస్ లేకుండా ఎస్‌డీ కార్డు మీద నడిపితే వేసవి కరెంటు కోతల్లో కార్డు పోవడం మామూలే. ఇంట్లో దీన్ని బాగుచేయగలిగేవాళ్లు ఇద్దరుంటే పెట్టండి. ఒక్కరే అయితే, ఆ ఒక్కరు ఆసుపత్రిలో ఉన్న రోజున ఇంటికి బీమా పోర్టల్ లాగిన్ కావలసి వస్తుంది.

గూగుల్, ఆపిల్ సొంత మేనేజర్ల గురించి రెండు ముక్కలు. ఆపిల్‌లో 2023 నుంచి షేర్డ్ గ్రూపులున్నాయి, బాగున్నాయి, ఇంట్లో అందరూ ఐఫోన్ వాళ్లయితేనే. గూగుల్ ఫ్యామిలీ గ్రూపుకు పంపేది ఒక కాపీ. తర్వాత మీరు పాస్‌వర్డ్ మారిస్తే మళ్లీ పంపాలి.

ఏది పెట్టాలి, ఏది పెట్టకూడదు

కరెంటు బిల్లు, వైఫై రౌటర్, ఓటీటీ, స్కూలు ఫీజు పోర్టల్, గ్యాస్, బీమా పాలసీ నంబర్లు ఇవన్నీ ఉమ్మడిలో ఉండదగినవే. నెట్‌బ్యాంకింగ్ పాస్‌వర్డ్, యూపీఐ పిన్, కార్డు పిన్ మాత్రం పెట్టకండి. 2017 జులైలో ఆర్‌బీఐ ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం, వివరాలు ఇతరులకు ఇవ్వడం లాంటి ఖాతాదారు నిర్లక్ష్యం వల్ల మోసం జరిగితే, బ్యాంకుకు తెలియజేసే వరకు జరిగిన నష్టం ఖాతాదారుదే. ఆ అవసరానికి ఈదర్ ఆర్ సర్వైవర్ జాయింట్ ఖాతా, నామినీ ఉన్నాయి. పైగా మన దగ్గర చాలా సైట్లు ఎస్‌ఎంఎస్ ఓటీపీ అడుగుతాయి. నాన్న ఆదాయపన్ను పోర్టల్ పాస్‌వర్డ్ మీ దగ్గరున్నా ఓటీపీ నాన్న ఫోన్‌కే వెళ్లవచ్చు. అందుకే ప్రతి ఎంట్రీ నోట్సులో ఓటీపీ ఏ నంబరుకు వెళ్తుందో ఒక లైన్ రాయండి. సింపుల్ పని, కానీ అన్నిటికంటే ఎక్కువ అక్కరకొచ్చేది ఇదే.

కుటుంబం నుంచి ఒకరిని తీసేయాల్సి వచ్చినా, ఫోన్ పోయినా, రెండు పద్ధతుల్లోనూ చేయాల్సింది ఒకటే: వాళ్లు చూడగలిగిన పాస్‌వర్డ్‌లు ఆయా సైట్లలో మార్చాలి. కేడీబీఎక్స్ మాస్టర్ పాస్‌వర్డ్ మారిస్తే పాత కాపీకి ఏమీ కాదు, అది పాత పాస్‌వర్డ్‌తో తెరుచుకుంటూనే ఉంటుంది. బిట్‌వార్డెన్‌లో సభ్యుడిని తొలగిస్తే కొత్తవి అందవు గానీ, ముందే చూసి రాసుకున్నవి రాసుకున్నవే.

బిట్‌వార్డెన్ పెట్టుకున్నవాళ్లకు కీపాస్‌ఎక్స్‌సీ వృథా కాదు, బ్యాకప్‌కు దాన్ని మించింది లేదు. మూడు నెలలకోసారి బిట్‌వార్డెన్ వెబ్‌లో ఎన్‌క్రిప్టెడ్ జేసన్‌గా (ఒక ఫైలు రకం) ఎక్స్‌పోర్ట్ చేయండి. అక్కడ రెండు రకాలుంటాయి. అకౌంట్ రిస్ట్రిక్టెడ్ తీసుకుంటే అది ఆ ఖాతాలో తప్ప ఇంకెక్కడా తెరుచుకోదు, ఖాతాయే పోతే కాగితపు ముద్దతో సమానం. పాస్‌వర్డ్ ప్రొటెక్టెడ్ అన్నదే ఎంచుకోవాలి. సొంత వాల్ట్ ఎక్స్‌పోర్ట్‌లో షేర్ చేసినవి రావు, వాటిని ఓనర్ అడ్మిన్ కన్సోల్ నుంచి విడిగా తీయాలి. ఈ రెండు ఫైళ్లనూ కీపాస్‌ఎక్స్‌సీ ఇప్పటి వెర్షన్లు నేరుగా దిగుమతి చేసుకుంటాయి. తెరిచి, ఎంట్రీల సంఖ్య బిట్‌వార్డెన్‌తో సరిపోయిందో చూసుకుని, కేడీబీఎక్స్‌గా సేవ్ చేసి పెన్‌డ్రైవ్‌లో పెట్టండి. అటాచ్ చేసిన పాన్, ఆధార్ స్కాన్‌లు ఈ జేసన్‌తో రావు, వాటిని వేరే కాపీ చేసుకోవాలి.